పక్షవాతం తరువాత మనసు సంగతి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

జబ్బుపడిన వారి ఇళ్ళకు వెళ్ళి పరామర్శించి, అవసరమైన సహాయం చూచి రమ్మని సంఘం మాకు ఒక పని అప్పగించింది. ఆ పని చేస్తూ వచ్చిన మేము ఈ రోజు మీ ముందు ఒక్క విషయమే మాట్లాడదలచుకొన్నాము. మేము డాక్టర్లము కాము. డాక్టర్లు చెప్పగా విన్నదీ, పుస్తకాలలో చదివినదీ, ఇళ్ళలో కళ్ళారా చూచినదీ కలిపి మీకు మనవి చేస్తున్నాము. ఎవరి పేర్లూ చెప్పబోము. అయినా వింటున్నవారిలో చాలామందికి "ఇది మా ఇంటి సంగతే" అనిపించవచ్చు.

ముందు జబ్బు పేరు దగ్గరనుండి మొదలుపెడదాము. ఉర్దూలో దీనిని ఫాలిజ్ అంటాము. అది అరబ్బీ మాట. రెండుగా చీల్చడం అనే అర్థం దానిలో ఉన్నది. తెలుగులో పక్షవాతం. పక్షం అంటే ఒక ప్రక్క. రెండు భాషలూ చెప్పేది ఒక్కటే, మనిషి శరీరంలో ఒక సగం పడిపోయిందని. చూచినవాళ్ళు పెట్టిన పేర్లు ఇవి. మూతి వంకరపోయింది, చెయ్యి లేవడంలేదు, కాలు ఈడుస్తున్నాడు. కంటికి కనబడేది అదే కదా! అందుకే ఇంటిల్లిపాదీ చెయ్యీ కాలూ పట్టుకొని కూర్చుంటారు. నూనె మర్దనా చేయిస్తారు, కసరత్తు చేయిస్తారు, ఎవరో చెప్పారని పావురం నెత్తురు కూడా రాస్తారు. కాని జబ్బు చేతిలోనూ లేదు, కాలిలోనూ లేదు. జబ్బు తలలో ఉన్నది.

మన మెదడు బరువు శరీరం బరువులో నూటికి సుమారు 2 వంతులే. అయినా మనం పీల్చే ప్రాణవాయువులో సుమారు 20 వంతులు అదే వాడుకొంటుంది. రక్తనాళం గడ్డకట్టి మూసుకుపోయినా, చిట్లి రక్తం కారినా, ఆ నాళం పోషించే భాగం నిమిషాలలో చెడిపోవడం మొదలవుతుంది. ఆ భాగం చెయ్యిని కదిలించేదైతే చెయ్యి పడిపోతుంది. మాటను నడిపించేదైతే మాట పోతుంది. జ్ఞాపకాన్నీ, కోపాన్నీ, ఉత్సాహాన్నీ, ఒక పని ముందు ఏది తరువాత ఏది అనే వివేకాన్నీ నడిపించేదైతే అవి దెబ్బతింటాయి. చెయ్యి పడిపోతే జబ్బు అంటాము. ఉత్సాహం పడిపోతే మాత్రం "బద్ధకం" అంటాము. కోపం అదుపు తప్పితే "పొగరు" అంటాము. మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే. పక్షవాతం తరువాత కనిపించే మనసు మార్పులలో చాలా భాగం ఆ మనిషి గుణం కాదు, ఆ జబ్బులో భాగమే. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ తెలిస్తే సగం కన్నీళ్ళు తగ్గుతాయి.

ఇళ్ళలో మాకు తరచుగా వినిపించే ఫిర్యాదులను ఒక్కొక్కటిగా చెబుతాము.

మొదటిది: "అన్నీ తెలుసు, కావాలనే మాట్లాడడు."

చాలామందిలో మాటను నడిపించే భాగం మెదడు ఎడమ సగంలో ఉంటుంది. అందుకే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవారికి మాట కూడా పోవడం తరచుగా చూస్తాము. డాక్టర్లు దీనిని అఫేసియా అంటారు. 1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని గురించి లోకానికి తెలియజేశాడు. ఆ మనిషి ఏమి అడిగినా "టాన్" అనే ఒక్క శబ్దమే పలికేవాడు. ఎదుటివారి మాటలు మాత్రం చాలావరకు అర్థమయ్యేవి. ఆయన చనిపోయిన తరువాత మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందు భాగం చెడిపోయి ఉండడం బ్రోకా చూపించాడు. అంటే తెలివి ఉండగానే మాట ఒక్కటే పోవచ్చునని తేలింది.

ఇక్కడ మన ఇళ్ళకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. "నీళ్ళు" అనే మాట పలకలేని పెద్దాయన, ప్రక్కన ఎవరైనా మొదలుపెడితే అల్హందు సూరా తడుముకోకుండా చదివేస్తాడు. ఒకటి నుండి పది వరకు లెక్కపెడతాడు. సలాం చెబితే జవాబు చెబుతాడు. అది చూచి ఇంట్లోవాళ్ళు, "చూశారా, అది వస్తుంది గాని మాతో మాట్లాడడానికి నోరు రాదు" అని నిష్ఠూరమాడతారు. సోదరులారా, అది నటన కాదు. చిన్ననాటి నుండి వేలసార్లు పలికిన మాటలు వేరే దారిలో బయటకు వస్తాయి. అప్పటికప్పుడు ఆలోచించి కూర్చవలసిన మాట మరొక దారిలో రావాలి. మొదటి దారి మిగిలి, రెండవ దారి తెగిపోవచ్చు. కంఠస్థమైన మాటలు మిగిలి ఉండడం నిజానికి మంచి సూచన. స్పీచ్ థెరపిస్టులు అక్కడినుండే పని మొదలుపెట్టడం కద్దు.

ఇంకొకటి. మనలో చాలా ఇళ్ళలో ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. పక్షవాతం తరువాత రెండూ ఒకేసారి తిరిగి రాకపోవచ్చు. ఉర్దూ ముందు వచ్చి తెలుగు వెనుకబడవచ్చు, లేదా తెలుగే ముందు రావచ్చు, రెండూ కలగలసి రావచ్చు. "బేగంతో మాట్లాడతాడు, దుకాణంలో గుమాస్తాతో మాట్లాడడు" అని తప్పు పట్టకండి. ఏ భాషలో మాట వస్తే ఆ భాషలోనే జవాబు చెప్పండి.

రెండవది: "పెట్టిన అన్నం పెట్టలేదంటాడు."

మెదడు కుడి సగం దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ప్రపంచం ఉన్నదనే ధ్యాస పోతుంది. చూపు పోలేదు, ధ్యాస పోయింది. పళ్ళెంలో కుడివైపు అన్నం తిని ఎడమవైపు కూర అలాగే వదిలేస్తాడు. కూర వేయలేదని కోడలి మీద కేకలు వేస్తాడు. గడ్డం ఒక ప్రక్కే దువ్వుకొంటాడు. గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకొంటాడు. కొందరు పడిపోయిన చెయ్యి బాగానే ఉన్నదని కూడా అంటారు. ఆ కోడలు ఎంత ఏడ్చి ఉంటుందో ఆలోచించండి! కారణం తెలిస్తే పళ్ళెం కొంచెం త్రిప్పి పెడుతుంది, "మామా, ఎడమవైపు చూడండి" అని గుర్తుచేస్తుంది. తగవు అక్కడితో తీరిపోతుంది.

మూడవది: "ఊరికే ఏడుస్తాడు, ఊరికే నవ్వుతాడు."

ఎవరైనా గుమ్మంలో అడుగుపెట్టగానే వెక్కి వెక్కి ఏడ్వడం, మరణవార్త విని నవ్వడం కొందరిలో కనిపిస్తుంది. లోపల అంత దుఃఖం గాని, సంతోషం గాని ఉండకపోవచ్చు. ఏడుపుకూ నవ్వుకూ ఉండే కళ్ళెం తెగిపోయిందన్నమాట. నలుగురిలో నవ్వినందుకు ఆ మనిషే సిగ్గుతో చచ్చిపోతాడు. గదమాయించకండి. మాట మార్చండి, ఒక గుక్కెడు నీళ్ళివ్వండి, నిమిషంలో సర్దుకొంటుంది. తరచుగా వస్తుంటే డాక్టరుకు చెప్పండి, దీనికి మందులున్నవి.

నాలుగవది: "మతిమరుపు వచ్చింది, లెక్క తప్పుతున్నాడు."

నలభై ఏళ్ళు దుకాణం నడిపిన మనిషి చిల్లర లెక్కపెట్టలేడు. ముప్ఫై ఏళ్ళు వంట చేసిన తల్లి పోపు ముందా, కూర ముందా అని పొయ్యి దగ్గర నిలబడిపోతుంది. నమాజు చదివే మనిషికి ఎన్ని రకాతులు చదివాడో గుర్తుండదు. మళ్ళీ మొదలుపెడతాడు, మళ్ళీ తప్పుతాడు, చివరికి పాపభీతితో కుమిలిపోతాడు. ఇది భక్తి తగ్గడం కాదు, ధ్యాస నిలిపే శక్తి తగ్గడం. కూర్చోగలిగితే కూర్చుని, లేకపోతే పడుకుని చదువుకొనే వెసులుబాటు మన షరీఅతులోనే ఉన్నది. లెక్క గుర్తుండని వారి సంగతి ఇమాముగారిని అడిగి, ఆయన నోటనే ధైర్యం చెప్పించండి. ఇంట్లో ఒకరు ప్రక్కన నిలబడి కలిసి చదివితే లెక్క వారే చూచుకొంటారు.

ఐదవది: "బద్ధకం పెరిగింది, లేవమంటే లేవడు."

దీనిలో రెండు వేరు వేరు సంగతులున్నవి. ఒకటి అలసట. పక్షవాతం తరువాత వచ్చే అలసట మామూలు అలసట కాదు. స్నానం చేసి బట్టలు మార్చుకొనే సరికే ఒక రోజు కూలిపని చేసినంత నీరసం వస్తుంది. నడక బాగుపడినవారికి కూడా ఇది నెలల తరబడి ఉండవచ్చు. రెండవది చొరవ చచ్చిపోవడం. ఆకలి వేసినా అన్నం అడగడు, పిలిస్తే వస్తాడు, పిలవకపోతే అలాగే కూర్చుంటాడు. అటువంటివారికి "ఏమి చేస్తావు?" అని అడగడం వృథా. "అస్ర్ తరువాత వీధి చివరిదాకా నడుద్దాం" అని చెప్పి చెయ్యి పట్టుకొని లేవదీయాలి. రోజూ ఒకే వేళకు ఒకే పని అయితే శరీరానికి అలవాటవుతుంది.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది: కుంగుబాటు, అంటే డిప్రెషన్.

పక్షవాతం వచ్చిన ముగ్గురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందని వైద్యుల పరిశోధనలు తేల్చినవి. కొంత జబ్బుపడిన దుఃఖం, కొంత మెదడులో జరిగిన మార్పు. రెండు వారాలకు మించి నిద్రపట్టకపోవడం, అన్నం సహించకపోవడం, మనవళ్ళు వచ్చినా ముఖం ఎత్తకపోవడం, కసరత్తు ఎందుకనడం, "నేను మీకు బరువైపోయాను" అనడం దీని గుర్తులు. మాట పోయినవారు ఇవేవీ నోటితో చెప్పలేరు కాబట్టి వారి ముఖం, నిద్ర, తిండి మనమే కనిపెట్టి చూడాలి. కుంగిపోయిన మనిషి కసరత్తు చేయడు, మందు వేసుకోడు. చెయ్యీ కాలూ కూడా ఆలస్యంగా కోలుకొంటాయి.

ఇటువంటి మనిషికి మనం సాధారణంగా ఇచ్చే సలహా "సబర్ చెయ్యి" అని. సబర్ గొప్ప గుణమే, కాదనలేము. కాని కాలు విరిగినవాడికి సబర్ చెయ్యమని చెప్పి కట్టు కట్టకుండా వదిలేస్తామా? ఇదీ అంతే. డిప్రెషన్‌కు మందులున్నవి, మాటల ద్వారా చేసే వైద్యమున్నది. అవి మత్తుమందులు కావు. అయితే డాక్టరు చెప్పకుండా మధ్యలో మానరాదు. "చచ్చిపోతే బాగుండును" అనే మాట వినిపిస్తే తేలికగా తీసుకోకండి. దగ్గర కూర్చుని నిదానంగా అడగండి. ఒంటరిగా వదలకండి, మందుల పెట్టె అందకుండా పెట్టండి, ఆ రోజే డాక్టరును కలవండి. 2022 అక్టోబరు 10 నుండి కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే సహాయం ఏర్పాటు చేసింది. 14416 నెంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. సేవచేసి అలసిపోయిన ఇంటివారు కూడా చేయవచ్చు.

ఇంతవరకు కష్టాలే చెప్పాము. ఆశ కలిగించే సంగతి ఒకటి మన హైదరాబాదు నుండే వచ్చింది.

అక్కడి నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో, అదే నిమ్స్‌లో, డాక్టర్ అల్లాడి సువర్ణగారు, ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్‌గారు, వారి సహచరులు కలిసి 2006 నుండి 2013 వరకు పక్షవాతంతో వచ్చిన 608 మంది రోగుల వివరాలు పరిశీలించారు. ఒకే భాష మాట్లాడేవారిని, రెండు గాని అంతకంటె ఎక్కువ గాని భాషలు మాట్లాడేవారిని పోల్చి చూచారు. 2016లో ఆ ఫలితాలు అచ్చయినవి. జబ్బు తరువాత తెలివితేటలు చెక్కుచెదరకుండా నిలిచినవారు ఒకే భాషవారిలో నూటికి సుమారు 20 మంది అయితే, ఎక్కువ భాషలవారిలో సుమారు 40 మంది. చదువు, వయస్సు, పొగతాగడం, బి.పి., షుగరు వంటివి లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడా తేడా నిలిచింది. అయితే మాట పోవడం మాత్రం రెండు రకాలవారిలోనూ ఇంచుమించు సమానంగానే ఉన్నది.

దీని అర్థం ఏమిటి? ఉర్దూ నుండి తెలుగుకు, తెలుగు నుండి ఉర్దూకు రోజంతా మారుతూ ఉండే మెదడు తనకు తెలియకుండానే కసరత్తు చేస్తున్నదని ఆ పరిశోధకుల అభిప్రాయం. దెబ్బ తగిలినప్పుడు ఆ కసరత్తు అక్కరకు వస్తుందన్నమాట. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఇంగ్లీషు నేర్చుకొంటూ అవస్థపడుతున్నారని బాధపడేవారున్నారు. ఆ అవస్థ వృథా పోదు. పెద్దలకు కూడా ఇందులో పాఠం ఉన్నది. జబ్బుపడిన మనిషిని మంచం మీద గోడవైపు త్రిప్పి పడుకోబెట్టడం కంటె నలుగురి మాటల మధ్య కూర్చోబెట్టడం మంచిది. వాడే మెదడే పదునెక్కుతుంది.

మరొక మనిషిని గురించి చెప్పాలి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్‌కు 1868లో, 45వ ఏట పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మళ్ళీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. పిచ్చికుక్క కాటుకు టీకా ఆయన 1885లో వేయించాడు, అంటే జబ్బు వచ్చిన పదిహేడేళ్ళకు! అందరమూ పాశ్చర్లము కాలేము, నిజమే. కాని పక్షవాతం వచ్చిన రోజున మనిషి కథ ముగిసిపోలేదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. మొదటి మూడు నుండి ఆరు నెలలలో మెరుగుదల వేగంగా ఉంటుంది. తరువాత నెమ్మదిస్తుందే గాని ఆగిపోదు.

ఇక ఇంట్లో ఏమి చేయాలో చెబుతాము.

మాట్లాడేటప్పుడు టీవీ కట్టివేయండి. ఎదురుగా కూర్చోండి. ఒకసారికి ఒకటే అడగండి. "అన్నమా, రొట్టెనా?" అని రెండూ చూపించి అడిగితే వేలుతోనైనా చెప్పగలుగుతాడు. అడిగిన తరువాత జవాబుకోసం కాచుకోండి. గట్టిగా అరవకండి, ఆయనకు చెవుడు రాలేదు. ప్రతి మాటా మీరే పూర్తిచేయకండి. పసిపిల్లలతో మాట్లాడినట్లు మాట్లాడకండి.

జ్ఞాపకానికి ఊతకర్రలు ఇవ్వండి. పెద్ద అంకెల క్యాలెండరు, పెద్ద గడియారం గోడకు తగిలించండి. ఏడు రోజులకు ఏడు గళ్ళున్న మందుల డబ్బీ కొనండి. కళ్ళజోడు, తస్బీహ్, ఫోను రోజూ ఒకేచోట పెట్టండి. పొయ్యి దగ్గరకు పంపాలన్నా, స్కూటరు ఎక్కనివ్వాలన్నా ముందు డాక్టరును అడగండి.

మర్యాద తగ్గించకండి. ఇది మందుకంటె ముఖ్యమని మా అనుభవం. నిన్నటిదాకా ఇంటి యజమాని. పెళ్ళి సంబంధమైనా, ఇల్లు సున్నం వేయించడమైనా ఆయన మాట కావాలి. ఈ రోజు ఆయన మంచం ప్రక్కనే కూర్చుని, ఆయన లేనట్లే అన్నీ మాట్లాడుకొంటారు. "ఆయనకేమి తెలుస్తుందిలే" అంటారు. తెలుస్తుంది సోదరులారా! చెప్పలేడు గాని తెలుస్తుంది. కొన్ని ఇళ్ళలో ఇంకొక అన్యాయం జరుగుతున్నది. ఒక ప్రక్క ఆయనకు బుద్ధి పనిచేయడంలేదని చెబుతూ, ఇంకొక ప్రక్క ఆస్తి కాగితాల మీద వేలిముద్ర వేయించుకొంటున్నారు. ఇది అల్లా ముందూ, చట్టం ముందూ నిలవదు. చిన్న చిన్న పెత్తనాలు తిరిగి అప్పగించండి. కూరగాయల సంచీ సర్దడం, మనవడికి సూరా చెప్పడం, కిరాయి వచ్చిందా లేదా చూడడం, ఏదో ఒకటి ఆయన చేతిలో ఉండాలి.

మరొకసారి రాకుండా చూడండి. మనసుకూ దీనికీ దగ్గర సంబంధం ఉన్నది. మొదటిసారి పక్షవాతం తరువాత సుమారు పదిమందిలో ఒకరికి చిత్తవైకల్యం, అంటే డిమెన్షియా వస్తుంటే, మళ్ళీ మళ్ళీ వచ్చినవారిలో మూడోవంతు కంటె ఎక్కువమందికి వస్తున్నది. అంటే బి.పి. బిళ్ళ గుండెనూ కాలునూ మాత్రమే కాదు, తెలివిని కూడా కాపాడుతుంది. బి.పి., షుగరు అదుపులో ఉంచడం, ఉప్పూ ఊరగాయా తగ్గించడం, బీడీ, సిగరెట్టు, జర్దా మానడం, రోజూ నడవడం ఇవే దారులు. "ఒంట్లో బాగుంది" అని మందు మానడం పెద్ద ప్రమాదం. రంజాన్ రాబోయే ముందే డాక్టరును కలిసి ఉపవాసం ఉండవచ్చునా, ఉంటే మందుల వేళలు ఎలా మార్చాలి అని అడగండి. ఎవరంతటవారు మార్చుకోకండి. జబ్బుపడినవారికి ఉపవాసం విషయంలో సడలింపు ఉన్నదని మనకందరికీ తెలిసినదే.

ముఖం ఒక ప్రక్కకు జారినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆ క్షణమే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే సూదిమందు మొదటి నాలుగున్నర గంటలలోనే ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే మెదడు అంత మిగులుతుంది. నాటుమందులకూ, మర్దనాకూ ఆ గంటలు పోగొట్టుకోకండి. మనిషి స్వభావం మారిందని గాలి సోకిందనుకొని తిప్పేవారూ ఉన్నారు. దుఆ చేయండి, చేయించండి, ఎవరూ వద్దనరు. డాక్టరును మాత్రం మానకండి.

సేవచేసే మనిషిని గురించి కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆ మనిషి ఆడదే. భార్య, కోడలు, లేదా పెళ్ళికాని కూతురు. రాత్రి నాలుగుసార్లు లేస్తుంది. మోసి మోసి నడుము పోతుంది. పైగా మాటలు పడుతుంది. వచ్చినవాళ్ళు రోగిని "ఎలా ఉన్నారు?" అని అడుగుతారు గాని ఆమెను అడగరు. ఆమెకు కూడా కుంగుబాటు వస్తుంది. మరి ఆడవాళ్ళకే పక్షవాతం వస్తే? ఇంటి పని చేసే చేతులే పడిపోయినవి కాబట్టి ఆమెను చూచేవారు మరీ కరువు. "ఇంటికి పనికిరాకుండా పోయాను" అనే బాధ ఆమెను తినేస్తుంది. కొడుకులు వంతులు వేసుకోవాలి. తల్లిని పట్టుకొని నాలుగడుగులు నడిపించడం మగవాడికి నామోషీ కాదు.

చివరిగా సంఘం ముందు మూడు సూచనలు పెడుతున్నాము.

ఒకటి: మన వార్డులో పక్షవాతం వచ్చిన ప్రతి ఇంటికి ఇద్దరు సభ్యులు వారానికి ఒక గంట వెళ్ళాలి. ఆ గంట రోగి దగ్గర వారు కూర్చుంటే ఆ ఇల్లాలు నిద్రపోతుంది, లేదా పుట్టింటికి వెళ్ళి వస్తుంది. వెళ్ళినవారు "పాపం" అనవద్దు, ఎవరెవరు ఈ జబ్బుతో పోయారో కథలు చెప్పవద్దు. పత్రిక చదివి వినిపించండి, క్యారంబోర్డు ఆడండి, పాత కబుర్లు చెప్పండి.

రెండు: కాగితాల పనిలో సహాయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెయ్యి కాలు పడిపోయినవారినే కాక, అఫేసియా మూలంగా శాశ్వతంగా మాట పోయినవారిని కూడా గుర్తించింది. ఈ సంగతి తెలియక చాలామంది ధ్రువపత్రానికి దరఖాస్తే పెట్టలేదు. మన చదువుకొన్న యువకులు ఆ దరఖాస్తులు నింపి, వెంట వెళ్ళాలి.

మూడు: నెలకొక శుక్రవారం జుమా తరువాత బి.పి. పరీక్ష ఏర్పాటు చేయాలి. స్త్రీలకు మరొక రోజు విడిగా పెట్టాలి. దీనికయ్యే ఖర్చు ఒక చిన్న విందు ఖర్చుకంటె తక్కువే.

పెద్దలారా, పడిపోయిన చెయ్యిని లేవదీయడం కొంత డాక్టరు చేతిలో, కొంత కాలం చేతిలో ఉన్నది. ఆ మనిషిని ఇంట్లో మనిషిగా నిలబెట్టడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉన్నది. ఈ సంచిక ఇంటికి తీసుకువెళ్ళిన తరువాత సభకు రాలేకపోయిన మీ ఇంటి ఆడవాళ్ళకు ఈ మాటలు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. మీ వీధిలో మంచం పట్టినవారు ఎవరైనా ఉంటే, ఈ వారంలోనే వెళ్ళి పలకరించి, వారి పేరు మన కార్యదర్శిగారికి అందజేయవలసిందిగా మనవి.